లంబసింగి పొగమంచుని తుడిచేయకండి: నేచర్ ఫోటోలకి ఏ ప్లగిన్ కొనాలి, ఏది అక్కర్లేదు

రెండేళ్ళ క్రితం డిసెంబర్‌లో లంబసింగి వెళ్ళాం. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే ట్రైపాడ్ మోసుకుంటూ చెరువులవేనం కొండెక్కి, కింద లోయంతా పాలు పొంగినట్టు మంచు పరుచుకుని ఉంటే పిచ్చిపట్టినట్టు రెండొందల ఫోటోలు తీశాను. ఇంటికొచ్చాక ఫోటో కాస్త వెలిసిపోయినట్టు కనిపించింది, సరే అని మసకని తగ్గించే డీహేజ్ స్లైడర్ పట్టుకుని కుడివైపుకి లాగాను. మంచు పోయింది, వెనకున్న కొండ వచ్చింది, కొండతో పాటు ఒక కరెంటు స్తంభం కూడా వచ్చింది. మా ఆవిడ అటుగా వెళ్తూ చూసి "ఇది ఎండాకాలంలో తీసిందా?" అంది. అంతే. మంచు కోసం రెండొందల కిలోమీటర్లు వెళ్ళి, ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని ఆ మంచునే తుడిచేశానన్నమాట.

అందుకే ఎవరైనా "అన్నా ఏ ప్లగిన్ కొనాలి" అని అడిగితే నేను ముందు ఇంకో ప్రశ్న అడుగుతాను: మీ ఫోటోలో తప్పేంటి? కెమెరా వల్ల వచ్చిన తప్పా, లేక ఫోటో మామూలుగా ఉంది కాబట్టి దానికి ఏదో చేయాలనిపిస్తోందా? ఎందుకంటే ప్లగిన్లు, అంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే అదనపు టూల్స్, ఎన్ని వందలున్నా నా లెక్కలో రెండే కుప్పలు. ఒకటి కెమెరా చేసిన తప్పుని దిద్దేవి, నాయిస్ (వెలుతురు తక్కువైనప్పుడు ఫోటోలో పడే గరుకు చుక్కలు) తీయడం, లెన్స్ మెత్తదనం సరిచేయడం లాంటివి. రెండోది అలంకారం చేసేవి, కాంట్రాస్ట్, రంగులు, ఆకాశాలు, సూర్యకిరణాలు. మొదటి కుప్పకి డబ్బులు పెట్టొచ్చు. రెండో కుప్పలో చాలావరకు మీ దగ్గర ఇప్పటికే ఉంది, మీరు వాడట్లేదంతే.

ముందు నాయిస్ సంగతి, ఎందుకంటే పక్షుల ఫోటోలు తీసేవాళ్ళందరి ఏడుపూ ఇదే. నేలపట్టులో గూడబాతులు గూళ్ళ మీద నుంచి లేచే టైమ్‌కి ఇంకా వెలుతురు సరిగా ఉండదు, మన దగ్గరుండేది 150-600 జూమ్, 600 దగ్గర దాని అపర్చర్ 6.3 దాటి తెరుచుకోదు, రెక్కలు ఆగాలంటే షట్టర్ 1/2000 కావాలి, ఇక ఐఎస్ఓ (కెమెరా వెలుతురుని పెంచి చూపించే అంకె, దానితో నాయిస్ కూడా కనపడుతుంది) 6400కి వెళ్ళక ఏం చేస్తుంది? ఇక్కడ ఇప్పుడు మూడు దారులున్నాయి. అడోబీ వాళ్ళ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లోనే ఉన్న ఏఐ డీనాయిస్, డీఎక్స్ఓ వాళ్ళ ప్యూర్‌రా, టోపాజ్ వాళ్ళ ఫోటో ఏఐ (ఇప్పుడు దాని పేరు టోపాజ్ ఫోటో).

లైట్‌రూమ్ డీనాయిస్ 2023 ఏప్రిల్‌లో వచ్చింది, అది వచ్చిన రోజు నుంచి చాలామందికి వేరే డీనాయిస్ ప్లగిన్ అవసరం తీరిపోయిందని నా అభిప్రాయం. నెలనెలా ఎలాగూ కడుతున్నారు కదా. ఒకటే స్లైడర్, డిఫాల్ట్‌గా 50 దగ్గర నిలబడి ఉంటుంది, నేనైతే 25 నుంచి 35 మధ్యలో ఆపేస్తాను, ఎందుకంటే 50 దగ్గర ఈకలు ప్లాస్టిక్ బొమ్మకి అతికించినట్టు అయిపోతున్నాయి. కొంచెం నాయిస్ మిగిలితే ఏమీ కాదు, నిజానికి ఆ కాస్త గరుకుదనం ఉంటేనే ఫోటో ఫోటోలా ఉంటుంది. దీనికి రా ఫైల్ (కెమెరా సెన్సర్ నుంచి నేరుగా వచ్చే అసలు డేటా) ఉండాలి, జేపెగ్ తీసేవాళ్ళకి పనికిరాదు. గ్రాఫిక్స్ కార్డ్ సరైనది లేకపోతే ఒక్కో ఫోటోకి నిమిషాలు పడుతుంది, నా పాత ల్యాప్‌టాప్‌లో పది ఫోటోలు పెట్టేసి అన్నం తిని వచ్చేవాణ్ణి.

ప్యూర్‌రా 2021లో మొదలైంది. దీని పద్ధతి వేరు, ఎడిటింగ్ మొదలవకముందే రా ఫైల్‌ని తీసుకుని నాయిస్ తీసి, మీ కెమెరాకీ లెన్స్‌కీ కలిపి తయారుచేసిన ప్రొఫైల్‌తో అంచుల మెత్తదనం కూడా సరిచేసి కొత్త డీఎన్‌జీ ఫైల్ ఇస్తుంది, ఆ తర్వాత దాన్ని ఎక్కడైనా ఎడిట్ చేసుకోవచ్చు. లైట్‌రూమ్‌కి నెలనెలా కట్టడం ఇష్టం లేక డార్క్‌టేబుల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి ఇదే సరైనది. చవక జూమ్ లెన్స్ ఉన్నవాళ్ళకి కూడా దీనివల్ల తేడా బాగా తెలుస్తుంది. ఇబ్బంది ఏంటంటే ఫైల్ సైజు, అసలు రా కంటే ఆ డీఎన్‌జీ చాలా పెద్దది, హార్డ్ డిస్క్ ఎక్కడ నిండిపోయిందో తెలీకుండానే నిండిపోతుంది. అన్నిటికీ కాకుండా మీరు ప్రింట్ వేయాలనుకున్న పది ఫోటోలకే వాడండి.

ఇక టోపాజ్. 2022లో అంతకుముందు విడివిడిగా ఉన్న డీనాయిస్, షార్పెన్, గిగాపిక్సెల్ (ఫోటోని పెద్దది చేసేది) పనుల్ని ఒక్కచోటికి తెచ్చి ఫోటో ఏఐ అన్నారు. దీనికున్న బలం రెండు: జేపెగ్ మీద కూడా పనిచేస్తుంది, ఇంకోటి కాస్త చెయ్యి కదిలిన ఫోటోని, కాస్త ఫోకస్ తప్పిన ఫోటోని కూడా లాక్కొస్తుంది. పదేళ్ళ కిందట తీసిన 10 మెగాపిక్సెల్ జేపెగ్‌ని గోడకి పెద్దగా వేసుకోవాలంటే నేనూ దీన్నే వాడమంటాను. కానీ ఈ ఏఐ షార్పెనింగ్‌లు అన్నిటిలోనూ ఒక ప్రమాదం ఉంది, అవి లేనిదాన్ని పుట్టిస్తాయి. లెన్స్ పట్టుకోని ఈకని మోడల్ ఊహించి గీస్తుంది. ఒకసారి నేను ఉప్పలపాడులో తీసిన ఎర్రకాళ్ళ కొంగ మొహం మీద ఒక షార్పెనింగ్ టూల్, పేరొద్దులెండి, చేప పొలుసుల్లాంటివి వేసింది. నేను గమనించలేదు, స్క్రీన్ మీద భలే షార్ప్‌గా ఉందని మురిసిపోయి పక్షులు బాగా తెలిసిన ఒక పెద్దాయనకి పంపాను. ఆయన "ఏం బాబూ, దీనికి చర్మవ్యాధి వచ్చిందా?" అన్నారు. అప్పట్నుంచి ఏఐ షార్పెనింగ్ చేసిన ప్రతి ఫోటోని 100 శాతం జూమ్‌లో కన్ను, ముక్కు, మెడ దగ్గర అసలు ఫోటోతో పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. వెనక బ్యాక్‌గ్రౌండ్ కూడా చూడండి, మెత్తగా ఉండాల్సిన పచ్చదనంలో సగం కొమ్మ షార్ప్‌గా సగం కొమ్మ మసకగా ఉంటే ఎంత చదువులేనివాడికైనా ఏదో తేడా కొడుతుంది.

కాబట్టి నాయిస్ విషయంలో నా మాట: లైట్‌రూమ్ ఉంటే ఏమీ కొనకండి. లైట్‌రూమ్ లేకుండా రా తీస్తుంటే ప్యూర్‌రా. పాత జేపెగ్‌లు బతికించాలంటేనో పెద్ద ప్రింట్లు వేయాలంటేనో టోపాజ్, అదీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని.

ఇప్పుడు రెండో కుప్ప, చేతికి దురద ఎక్కువయ్యేది ఇక్కడే. ఫోటోలో ఒక్కో చోట వెలుగునీడల తేడాని పెంచే లోకల్ కాంట్రాస్ట్ ప్లగిన్లలో రాజు నిక్ కలెక్షన్, దీనికి పెద్ద కథే ఉంది. నిక్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ చేసిన ప్లగిన్లు ఇవి, 2012లో గూగుల్ ఆ కంపెనీని కొనేసింది, 2016లో మొత్తం కలెక్షన్‌ని ఉచితంగా ఇచ్చేసింది, అప్పుడు ప్రపంచమంతా దించుకుని ప్రతి ఫోటోని అందులోని టోనల్ కాంట్రాస్ట్ ఫిల్టర్‌లో ముంచి తీసింది, నేనూ ముంచాను, 2016-17లో నేను తీసిన ఫోటోలన్నీ ఇప్పుడు చూస్తే బూడిద పూసినట్టుంటాయి. తర్వాత 2017లో డీఎక్స్ఓ దాన్ని తీసుకుని మళ్ళీ డబ్బులకి అమ్ముతోంది.

ఇందులో ఉన్న అసలు బంగారం ఫిల్టర్లు కాదు, కంట్రోల్ పాయింట్లు. ఫోటోలో ఒక చోట చుక్క పెడితే దాని చుట్టూ అదే రంగు, అదే వెలుతురు ఉన్న భాగాన్ని మాత్రమే అది పట్టుకుంటుంది, మాస్క్ (ఎఫెక్ట్ ఎక్కడ పడాలో చెప్పే హద్దు) గీయక్కర్లేదు. గండికోటలో పెన్నా లోయ మీద సాయంత్రం ఎండ పడ్డప్పుడు ఒకవైపు రాయి ఎర్రగా వెలుగుతూ ఇంకోవైపు నీడలో మునిగిపోయి ఉంటుంది కదా, అక్కడ మొత్తం ఫోటోకి డీటెయిల్ ఎక్స్‌ట్రాక్టర్ వేశారనుకోండి, నీడలోంచి ప్రతి రాయీ బయటకొచ్చి లోయ లోతు పోతుంది, కొండ అంచుకీ ఆకాశానికీ మధ్య తెల్లటి గీత ఒకటి దేవుడి వెనక చక్రంలా వెలుగుతుంది. దాన్నే హేలో అంటారు, అతిగా ఎడిట్ చేశారని పట్టించే మొదటి సాక్షి అదే. అదే ఫిల్టర్‌ని ఎండ పడ్డ రాయి మీద ఒక్క చుక్కతో, చాలా తక్కువ మోతాదులో వేస్తే రాతి పొరలు కనిపిస్తాయి, నీడ నీడగానే ఉంటుంది. నీడని నీడగా వదిలేయడం నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

నిక్‌లోని రంగుల ప్లగిన్ కలర్ ఎఫెక్స్‌లో నేను నిజంగా వాడేది ప్రో కాంట్రాస్ట్ ఒక్కటే. నల్లమలలో చెట్ల కింద తీసిన ఫోటోలకి ఆకుల పచ్చదనం పడి జంతువు ఒంటి రంగు కూడా పచ్చగా వస్తుంది, ఆ రంగు తేడాని తీసే స్లైడర్ ఇందులో ఉంది. మిగతావి, సన్‌లైట్, గ్లామర్ గ్లో, ఇవి పెళ్ళి ఆల్బమ్ వాళ్ళకి వదిలేయండి, వాళ్ళకి కూడా ఎక్కువే అనుకోండి.

సిల్వర్ ఎఫెక్స్ మాత్రం వేరే మాట. బ్లాక్ అండ్ వైట్ చేయాలనుకునేవాళ్ళకి నిక్ కలెక్షన్ కొనడానికి అదొక్కటే కారణం చాలు. బొగత జలపాతం వానాకాలంలో చూశారుగా, నీళ్ళు టీ రంగులో దూకుతుంటాయి, చాలామంది ఆ నీళ్ళని తెల్లగా చేయాలని వైట్ బ్యాలెన్స్‌తో కుస్తీపట్టి చెట్లని నీలంగా మార్చేస్తారు. బురద నీళ్ళు బురద నీళ్ళే, కొత్త వాననీరు అలాగే ఉంటుంది, రంగు నచ్చితే అలాగే ఉంచండి లేదంటే బ్లాక్ అండ్ వైట్‌కి వెళ్ళిపోండి, ఆ నీటి బరువు అందులోనే ఇంకా బాగా తెలుస్తుంది.

మరి నిక్ కొనాలా, లైట్‌రూమ్‌తో సరిపెట్టుకోవాలా? 2021 చివర్లో లైట్‌రూమ్‌కి కొత్త మాస్కింగ్ వచ్చింది, ఆకాశం, సబ్జెక్ట్ ఒక్క నొక్కుతో సెలెక్ట్ అవుతాయి, రంగుని బట్టి, వెలుతురుని బట్టి మాస్క్‌ని కుదించుకోవచ్చు. టెక్స్చర్, క్లారిటీ, డీహేజ్ ఈ మూడింటినీ మాస్క్ లోపల వాడితే నిక్ చేసే పనిలో ముప్పావు వంతు ఇక్కడే అయిపోతుంది. పైగా లైట్‌రూమ్‌లో చేసింది ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, ప్లగిన్‌కి పంపితే కొత్త టిఫ్ ఫైల్ పుడుతుంది, 24 మెగాపిక్సెల్ ఫోటోకి 16 బిట్ టిఫ్ అంటే దాదాపు 144 ఎంబీ, ఒక్క ట్రిప్పుకి యాభై ఫోటోలు చేస్తే 7 జీబీ. అందుకని మూడు నెలలు మాస్కులు మాత్రమే వాడి చూడండి, అప్పటికీ చుక్క పెట్టి పని కానిచ్చే పద్ధతే మీ చేతికి బాగుందనిపిస్తే అప్పుడు నిక్ తీసుకోండి. ఫోటోషాప్ నుంచి వాడేవాళ్ళు లేయర్‌ని ముందు స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చి ఆ తర్వాత ప్లగిన్ తెరవండి, రేపు మనసు మారితే మళ్ళీ లోపలికెళ్ళి తగ్గించుకోవచ్చు.

టెక్స్చర్‌కీ క్లారిటీకీ తేడా కూడా ఒక మాట చెప్పాలి, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. టెక్స్చర్ చిన్న చిన్న వివరాల్ని, ఈకలు, చెట్టు బెరడు లాంటివాటిని పైకి తెస్తుంది. క్లారిటీ కాస్త పెద్ద అంచుల మీద పనిచేస్తుంది, హేలోలు దానివల్లే ఎక్కువ వస్తాయి. పక్షికి టెక్స్చర్, రాయికి క్లారిటీ, మంచుకి రెండూ వద్దు. మంచు ఫోటోలో డీహేజ్ అస్సలే పెట్టకూడదని కాదు, దగ్గరున్న చెట్టుకి మాత్రం మాస్క్ వేసి కొంచెం ఇవ్వండి, దూరంగా ఉన్న వరసలకి ఇంకా కావాలంటే మైనస్ వైపు లాగండి. కొండల వరసలు వెనక్కి వెళ్ళేకొద్దీ పలచబడటమే కదా మనకి దూరాన్ని చెప్పేది. ఇంకోటి, డీహేజ్ పెంచితే రంగు కూడా ముదురుతుంది, నీడలు నీలమెక్కుతాయి, కాబట్టి అది పెంచినప్పుడల్లా శాచురేషన్ (రంగు గాఢత) కాస్త దించడం అలవాటు చేసుకోండి.

రంగుల దగ్గరికొస్తే ప్లగిన్ ఏదైనా జబ్బు ఒకటే. అరకులో వలిసె పూలు చూడండి, నవంబర్‌లో కొండవాలు అంతా పసుపు. అసలే ముదురు పసుపు, కెమెరా సెన్సర్‌లో రెడ్, గ్రీన్ చానెళ్ళు రెండూ దాదాపు నిండిపోయి ఉంటాయి, దానిమీద వైబ్రెన్సో ఫోలియేజ్ ఫిల్టరో వేస్తే రేకుల మధ్య గీతలు మాయమై పసుపు పెయింట్ డబ్బా ఒలికినట్టవుతుంది. పూలు ఇంకా బాగా కనపడాలంటే పసుపుని పెంచకండి, పసుపు వెలుతురుని కొంచెం దించండి, వెనకున్న ఆకుల పచ్చని తగ్గించండి, పూలు వాటంతటవే ముందుకొస్తాయి. పాలపిట్టదీ అదే కథ. తెలంగాణ రాష్ట్ర పక్షి కాబట్టి దసరా వచ్చిందంటే అందరి ఫోన్లలోనూ తిరుగుతుంది, రెక్క విప్పినప్పుడు ఆ నీలం ఎంత గాఢంగా ఉంటుందో తెలుసుగా, మామూలు ఫోన్ స్క్రీన్ దాన్ని పూర్తిగా చూపించలేదు కూడా, దాన్ని ఇంకా పెంచితే రెక్క మొత్తం ఒకే నీలపు అట్టముక్క అవుతుంది. ఇంకో చిట్కా, లైట్‌రూమ్‌లో ఆకులు నియాన్ లైటులా వెలుగుతుంటే గ్రీన్ స్లైడర్ పట్టుకుని ఊగులాడకండి, ఆకుల రంగు ఎక్కువ భాగం ఎల్లో స్లైడర్ కింద ఉంటుంది, దాన్ని తగ్గించి చూడండి.

ఆకాశం మార్చే ప్లగిన్ల గురించి అడిగితే నాకు కాస్త కోపం వస్తుంది, ముందే చెప్పేస్తున్నా. స్కైలం అనే కంపెనీ వాళ్ళు 2019లో లూమినార్ 4 అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో దీన్ని ఒక్క నొక్కు పని చేశారు, మరుసటి ఏడాది ఫోటోషాప్‌లోకి కూడా వచ్చేసింది, ఇప్పుడు లూమినార్ నియోలో నీటిలో ప్రతిబింబం కూడా అదే వేస్తుంది. టెక్నిక్‌గా గొప్పదే. హోటల్ బ్రోచర్‌కో రియల్ ఎస్టేట్ ఫ్లెక్సీకో వాడుకోండి. కానీ కొల్లేరులో మధ్యాహ్నం పన్నెండింటికి తీసిన ఫోటోకి సాయంత్రం ఆకాశం పెడితే పక్షి నీడ కాళ్ళ కిందే ఉంటుంది, సూర్యుడేమో పక్కన అస్తమిస్తుంటాడు. అది పట్టుకోవడానికి నిపుణుడు అక్కర్లేదు, గొర్రెలు కాసేవాడు చెప్తాడు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ళ వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ లాంటి పోటీలకి పంపాలనుకునేవాళ్ళయితే ఇంకా జాగ్రత్త, క్రాపింగ్, వెలుతురు సర్దుబాటు వరకు ఒప్పుకుంటారు, ఫోటోలో లేనిది కలపడం, ఉన్నది తీసేయడం ఒప్పుకోరు, చివరి దశలో అసలు రా ఫైల్ అడుగుతారు. కొమ్మ ఒకటి అడ్డమొచ్చిందని చెరిపేసినా అది ఆ లెక్కలోకే వస్తుంది. ఇంట్లో గోడకైతే మీ ఇష్టం, కానీ ఎవరైనా అడిగితే ఆకాశం మార్చానని చెప్పండి.

అయితే లూమినార్‌ని మొత్తంగా తీసిపారేయను. లేయర్లు, మాస్కులు అంటేనే భయపడే వాళ్ళకి, రిటైరయ్యాక కెమెరా పట్టుకున్న మా బాబాయి లాంటివాళ్ళకి, అది అన్నిటికంటే తేలిక. స్కై, సన్‌రేస్ అనే రెండు బటన్ల జోలికి వెళ్ళొద్దని చెప్పి ఇచ్చాను, హాయిగా వాడుకుంటున్నారు. ఒకసారి మాత్రం పులికాట్ రాజహంసల మీద సూర్యకిరణాలు పడ్డాయి, ఉత్తరం దిక్కు నుంచి.

డబ్బులు పెట్టలేను అనేవాళ్ళకి: ఫోన్‌లో స్నాప్‌సీడ్. ఇది కూడా ఆ నిక్ వాళ్ళు 2011లో తెచ్చిందే, ఇప్పుడు గూగుల్‌ది, ఉచితం. అందులో సెలెక్టివ్ అనే టూల్ చూడండి, నేను పైన చెప్పిన కంట్రోల్ పాయింట్ ఆలోచనే అది, వేలితో చుక్క పెట్టి ఎడమకీ కుడికీ లాగడమే. డీటెయిల్స్‌లో స్ట్రక్చర్ 10, మహా అయితే 15. హెచ్‌డీఆర్ స్కేప్‌ని మాత్రం అసలు ముట్టుకోకండి, సగం గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల ఆకాశాలు అందులోంచి వచ్చినట్టే ఉంటాయి. కంప్యూటర్ ఉన్నవాళ్ళకి డార్క్‌టేబుల్, నేర్చుకోవడానికి ఓపిక కావాలి, మొదటి వారం తిట్టుకుంటారు, కానీ దాని మాస్కులు డబ్బు పెట్టి కొన్నవాటికి ఏమీ తీసిపోవు. గింప్ అనే ఉచిత ఎడిటర్ వాడేవాళ్ళయితే జీమిక్ అనే ఉచిత ప్లగిన్ పెట్టుకోండి, వందల ఫిల్టర్లుంటాయి, అందులో పనికొచ్చేవి ఐదారు.

మోతాదు ఎలా తెలుస్తుంది అంటే నేను పాటించేది ఇది. ప్లగిన్ ఎఫెక్ట్‌ని ఎప్పుడూ వేరే లేయర్ మీద వేస్తాను, ఒపాసిటీని (ఆ లేయర్ ఎంత కనపడాలో చెప్పే శాతం) సున్నాకి తెచ్చి, అక్కణ్ణుంచి మెల్లగా పెంచుతూ తేడా తెలిసిన చోట ఆగి, అక్కణ్ణుంచి కొంచెం వెనక్కి వస్తాను. వంద నుంచి తగ్గించుకుంటూ రాకూడదు, ఎందుకంటే వంద చూసిన కంటికి అరవై కూడా చప్పగా అనిపిస్తుంది. అది ఎక్కువగా 30 దగ్గర తేలుతుంది. తర్వాత ఫైల్ మూసేసి పడుకుంటాను, పొద్దున లేచి కాఫీ కూడా తాగకముందు ఒకసారి తెరుస్తాను, రాత్రి అద్భుతంగా అనిపించిన ఫోటోల్లో సగానికి శాచురేషన్ తగ్గించాల్సి వస్తుంది. స్క్రీన్ బ్రైట్‌నెస్ ఫుల్లుగా పెట్టుకుని ఎడిట్ చేసేవాళ్ళు ప్రింట్ వచ్చాక ల్యాబ్ వాణ్ణి తిట్టకండి, తప్పు వాడిది కాదు.

కొనేముందు ట్రయల్ దించుకుని, వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉండే ఐస్‌ల్యాండ్ కొండల శాంపిల్ మీద కాదు, మీ సొంత ఫోటోల్లో బాగా రాని ఓ పది మీద వేసి చూడండి. నవంబర్ చివర్లో అన్నిటికీ డిస్కౌంట్లు వస్తాయి, ఆ కౌంట్‌డౌన్ గడియారం చూసి కంగారు పడకండి, మళ్ళీ ఏడాది కూడా అదే గడియారం అక్కడే తిరుగుతుంటుంది. నేను అలా కంగారుపడి కొన్నవి రెండున్నాయి, ఒకటి ఇన్‌స్టాల్ కూడా చేయలేదు, రెండోది ఎందుకు కొన్నానో గుర్తులేదు, ఆ డబ్బుతో ఇంకోసారి లంబసింగి వెళ్ళొచ్చేవాణ్ణి.